ఖాళీగా తిరిగొచ్చే పంటు

రాత్రి రెండున్నరకి లోవరాజు ఫోను.
"తులశీ, లంగరేసి కూర్చున్నాం.
జీపీఎస్సేమో బోటు నడుస్తోందంటోంది.
దీనికేవన్నా పట్టిందంటావా?"

పట్టింది దానికి కాదు బాబాయ్, సూర్యుడికి.
మొన్న సాయంత్రం ఒక మచ్చ దగ్గర పగిలాడు.
అన్నాను గానీ గాలికి సగం మాట కొట్టుకుపోయింది.
అంతర్వేది దీపం కనబడితే దాన్నే నమ్ముకోమన్నాను.
అది ఆకాశాన్ని అడక్కుండా వెలుగుతుంది.

నేను రొయ్యల చెరువు గట్టు మీదున్నాను.
వేళ్ళ సందుల్లో బురద, చేతిలో ఆక్సిజన్ మీటరు.
రెండు పాయింట్ ఎనిమిది.
కరెంటు పోయి పావుగంట.
భూపతిరాజు గారి జనరేటరు
దగ్గుతుంది, ఆగుతుంది, మళ్ళీ దగ్గుతుంది.
రొయ్య అరవదు.
ఊపిరాడకపోతే మీసాలు పైకొస్తాయి, అంతే.
పదకొండేళ్ళుగా ఆ మీసాలు చదువుకునే బతుకు నాది.

తలెత్తితే పైన ఏమీ లేదు.
అదే ఉప్పుగాలి, మసకేసిన అవే చుక్కలు.
లడఖ్‌లో రాత్రి ఎర్రబడిందని ఎవరో ఫొటో పెట్టారు.
మన దాకా రాదు.
భూమి చుట్టూ అయస్కాంతం ఏటిగట్టులా నిలబడి
ఆ వరదని రెండు ధ్రువాలకీ మళ్ళించేస్తుంది.
అక్కడ, నెలల తరబడి తెల్లారని చోట,
మబ్బులు కూడా ఎక్కలేని ఎత్తున
ప్రోటాన్లు వడగళ్ళలా పడతాయి.

నత్రజని జంట గట్టిది.
విడదీయాలంటే పిడుగు కావాలి.
ఉరిమి కురిసిన మర్నాడు
మా తాత ఒక యూరియా బస్తా మిగుల్చుకునేవాడు,
"పైవాడు చల్లేశాడు లే" అని.
పిడుగు చేసే పనే ఈ తుఫానూ చేస్తుంది,
కిందెవరికీ ఉరుము వినపడకుండా.
విడిపోయింది ఊరికే ఉండదు,
దొరికిన ఆక్సిజన్ చెయ్యి పట్టుకుని
నైట్రిక్ ఆక్సైడ్ అవుతుంది.

ఇక్కడికొచ్చేసరికి నాకు సఖినేటిపల్లి రేవు గుర్తొస్తుంది.
పంటు ఒకణ్ణి ఎక్కించుకుంటుంది,
నర్సాపురం ఒడ్డున దింపేస్తుంది,
ఖాళీగా తిరిగొస్తుంది.
మళ్ళీ ఇంకొకణ్ణి.
పంటు అరగదు.
ఇవతలి ఊరే పల్చబడుతుంది.

ఓజోన్ ఇంట్లో ముగ్గురు.
ఒకణ్ణి పంటు ఎక్కించుకుపోయి
అవతల ఒంటరిగా తిరిగే ఆక్సిజన్‌కి అప్పగించేస్తుంది.
మిగిలిన ఇద్దరూ బానే ఉంటారు,
మనం పీల్చుకునేదీ ఆ ఇద్దర్నే.
కానీ ఎండలోని ఆ వాడి మొనని
గుమ్మంలో ఆపడానికి ముగ్గురుండాలి.

ఆ ఎత్తులో పంటుని చంపేది ఎండే.
పొద్దే లేని చీకట్లో చావు లేక
మెల్లగా, వారాల తరబడి, కిందికి దిగుతుంది.
ధ్రువానికి పొద్దు తిరిగొచ్చిన రోజున
అక్కడ రేవు తెరుచుకుంటుంది.

ఎంత పోతుందని అడిగితే, కొంచెమే.
పైన బాగా, కిందికొచ్చేకొద్దీ తక్కువ,
కొన్ని నెలలకి పూడుకుంటుంది.
భయపెట్టడానికి చెప్పడం లేదు.
ఈ గట్టు మీద ఈ వేళప్పుడు
లెక్క తెలిసినవాళ్ళకి నిద్ర రాదు, అందుకని.

చెరువు నీళ్ళు గొట్టంలోకి తీసి
మందు చుక్కలు వేశాను.
టార్చి వెలుగులో కాసేపు ఏ రంగూ లేదు,
తర్వాత అడుగు నుంచి గులాబీ ఎక్కింది.
నైట్రైట్.
అదే నత్రజని, అదే ఆక్సిజన్,
కాపురం మాత్రం వేరు.
లడఖ్ దాకా పోలేని నాకు
ఈ మాత్రం ఎరుపు చాలనుకున్నాను,
వెంటనే సిగ్గేసింది. కింద ప్రాణాలున్నాయి.

"ఎంతుందమ్మా?" రాజుగారు.
"ఎక్కువే."
"బెల్లం పానకం పోద్దామా?"
"ముందు చక్రాలు తిరగనివ్వండి."

నాలుగోసారి దగ్గి జనరేటరు అందుకుంది.
ఏరియేటర్లు నీళ్ళని కొట్టడం మొదలెట్టాయి,
తెల్లగా, కోపంగా.
మూడు పాయింట్ ఒకటి.
మూడు పాయింట్ నాలుగు.
మీసాలు ఒక్కొక్కటే మునిగాయి.

తెల్లారగట్ల మళ్ళీ లోవరాజు.
"ఆగిందే తులశీ.
మేం కదల్లేదని ఇప్పటికి ఒప్పుకుంది."